కౌన్సెలింగ్ గదిలో ఏం జరుగుతుంది?

(రోగుల బంధువుల కోసం ఆసుపత్రిలో ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన కార్యక్రమంలో ఒక స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

వార్డులో మీ వాళ్లను పక్క మంచం వాళ్లకు అప్పజెప్పి, భోజనాల వేళ అయినా వచ్చి కూర్చున్నందుకు మీకు కృతజ్ఞతలు. సెలైన్ అయిపోవస్తుంది, వెళ్లాలి అనుకునేవాళ్లు మొహమాటపడకుండా మధ్యలో లేచి వెళ్లవచ్చు.

ఈ రోజు బి.పి. గురించో, షుగర్ గురించో మాట్లాడటం లేదు. ఓపీ వరండా చివర ఒక చిన్న గది ఉంది, మీలో కొందరు చూసే ఉంటారు. తలుపు ఎప్పుడూ వేసి ఉంటుంది. బయట బెంచీ మీద బంధువులు కూర్చుని ఉంటారు. లోపల వాళ్ల కూతురో, కోడలో, తమ్ముడో, తండ్రో కౌన్సెలర్‌తో మాట్లాడుతుంటారు. నేను కౌన్సెలర్‌ని కాను. ఇరవై ఏళ్లకు పైగా వార్డుల్లో పనిచేస్తున్న నర్సును. రోగిని ఆ గది దాకా తీసుకెళ్లడం, తిరిగి తీసుకురావడం, ఈలోగా బెంచీ మీద ఉన్నవాళ్లకు సమాధానం చెప్పడం నా పని. ఆ బెంచీ మీద నన్ను అడిగేవి ఎప్పుడూ ఈ ప్రశ్నలే. "లోపల ఏం చెప్పిందమ్మా?" "ముప్పావుగంట మాట్లాడారు, ఒక్క మాత్ర కూడా రాయలేదేంటి సిస్టర్?" "ధైర్యంగా ఉండమని మేమూ రోజూ చెబుతూనే ఉన్నాం కదా, ఆవిడ కొత్తగా చెప్పేదేముంది?"

ఈ మూడో ప్రశ్న మంచి ప్రశ్న. దానికి జవాబు తెలిస్తే మిగతా రెండూ వాటంతట అవే తెలుస్తాయి.

అంతకంటే ముందు ఒక సంగతి చెప్పాలి. మన వైపు ఎవరూ "నా మనసు బాగాలేదు" అని ఆసుపత్రికి రారు. గుండె దడ అని వస్తారు. తలనొప్పి, ఒళ్లంతా మంటలు, గ్యాస్, నరాల బలహీనత అని వస్తారు. ఇసిజి తీస్తాం, బాగుంటుంది. ఎండోస్కోపీ చేస్తారు, బాగుంటుంది. చివరికి ఎవరో ఒకరు "నీకేం లేదు, ఇంటికెళ్లు" అంటారు. ఆ మాట విన్న మనిషి మొహం నేను చాలాసార్లు చూశాను. నిద్రపట్టక, అన్నం సయించక, ఎనిమిది కిలోలు తగ్గి వచ్చిన మనిషికి "ఏమీ లేదు" అంటే, తన మాట ఎవరూ నమ్మడం లేదన్న బాధ అదనంగా చేరుతుంది. బాధ నిజంగానే ఉంది. రిపోర్టులో కనిపించదు, అంతే.

అలాగని పరీక్షలు దండగ అని కాదు. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా, బి12 విటమిన్ లోపం ఉన్నా మనిషి అచ్చంగా కుంగిపోయినవాళ్లలాగే ఉంటాడు. అందుకే డాక్టరు గారు ముందు వాటిని చూసి, ఆ తర్వాతే ఆ చివరి గదికి చీటీ రాస్తారు. ఆ చీటీ రాశారంటే "మీవాళ్లకు పిచ్చి" అని అర్థం కాదు. దయచేసి ఆ చీటీని జేబులో మడిచి పెట్టుకుని బస్సెక్కేయకండి. అలా వెళ్లిపోయినవాళ్లు కొందరు ఆరు నెలల తర్వాత క్యాజువాలిటీకి వచ్చారు. అప్పుడు వచ్చింది తలనొప్పితో కాదు.

ఇక మూడో ప్రశ్న. మీరు చెప్పే ధైర్యానికీ, లోపల జరిగేదానికీ తేడా ఉంది. మీది తక్కువ, వాళ్లది ఎక్కువ అని కాదు. మీరు ప్రేమతో చెబుతారు. మనవాళ్లు ఏడుస్తుంటే మనం చూడలేం. అందుకే "ఊరుకో, ఊరుకో" అంటాం. "పోయినోళ్లు తిరిగొస్తారా", "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా", "పిల్లల మొహం చూసి బతకాలి" అంటాం. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కానీ ప్రతి మాటకూ లోపలి అర్థం ఒకటే, ఇక చెప్పకు అని. మన ఇళ్లలో ఓదార్చడం అంటే నోరు మూయించడం అయిపోయింది. కౌన్సెలర్ ఊరుకోమని అనరు. మీరు మూసిన చోట ఆవిడ తెరిచి కూర్చుంటారు.

ఆ గదిలో ఏముంటుందో చెబుతాను, చాలామందికి అనుమానం. మంచం ఉండదు, యంత్రాలు ఉండవు, కరెంటు పెట్టరు. రెండు కుర్చీలు, కాస్త పక్కకు తిప్పి వేసి ఉంటాయి. పోలీసు విచారణలాగా ఎదురెదురుగా ఉండవు. ఒక గడియారం, నీళ్ల సీసా, తుడుచుకోవడానికి కాగితం రుమాళ్లు. సమయం 45 నిమిషాల నుండి 50 నిమిషాలు. మొదటి రోజు కౌన్సెలర్ ముందుగా చెప్పేది ఇది: "మీరు ఇక్కడ చెప్పింది మీ భర్తకు గానీ, అమ్మకు గానీ, సిస్టర్లకు గానీ నేను చెప్పను. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం చెప్పాల్సి వస్తుంది. చిన్నపిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే కూడా చెప్పాల్సి వస్తుంది. అప్పుడు కూడా ముందు మీకే చెబుతాను." ఇది కేవలం మర్యాద కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి. కాబట్టి "లోపల ఏం చెప్పింది?" అని మీరు అడిగినప్పుడు నేను చెప్పకపోతే అది పొగరు అనుకోకండి. నాకు తెలియదు, తెలియకూడదు.

ఈ పద్ధతికి పునాది వేసినవారిలో కార్ల్ రోజర్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒకరు. 1902లో పుట్టి 1987లో చనిపోయారు. మనిషిలో మార్పు రావడానికి ఎలాంటి సంబంధం కావాలో 1957లో ఒక వ్యాసంలో రాశారు. అందులో మూడు సంగతులు మాకు శిక్షణలో బాగా నేర్పించారు. ఎదుటి మనిషి బాధను అతని చోట నిలబడి అర్థం చేసుకోవడం మొదటిది. అతను ఏం చేసినవాడైనా, తాగుబోతైనా, ఇల్లు వదిలి వెళ్లి వచ్చిన మనిషైనా, తీర్పు తీర్చకుండా మనిషిగా గౌరవించడం రెండోది. లోపల ఒకటి పెట్టుకుని పైకి ఒకటి నటించకపోవడం మూడోది. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. ఒక్క పది నిమిషాలు మీ ఇంట్లో మనిషి దగ్గర ఇలా కూర్చుని చూడండి, సలహా ఇవ్వకుండా. ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఈ వివరాలు కౌన్సెలర్ నాకు చెప్పినవి కావు. ఆ అమ్మాయే తర్వాత నాకు చెప్పింది, మీలాంటి వాళ్లకు చెప్పమని కూడా అన్నది. ఊరూ పేరూ చెప్పను, కొన్ని గుర్తులు మార్చాను.

మొదటి కాన్పు. తొమ్మిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. నొప్పులు వచ్చేలా మందు పెట్టి కాన్పు చేశారు. బిడ్డను తల్లికి చూపించకుండా ఇంట్లోవాళ్లు తీసుకెళ్లి పూడ్చిపెట్టి వచ్చారు. చెడు ఉద్దేశంతో కాదు, చూస్తే మరీ కుంగిపోతుందని. మూడో రోజు ఆమెకు పాలు వచ్చాయి. బిడ్డ పోయినా పాలు వస్తాయని చాలామందికి తెలియదు. పక్క మంచాల మీద పిల్లలు ఏడుస్తుంటే ఈమె రవిక తడిసిపోయేది. పాలు తగ్గడానికి మందులు ఉన్నాయి, చల్లని గుడ్డ వేయవచ్చు. అవి మేము చేశాం. కానీ ఆ తడిసిన రవికను చూసుకుంటూ ఆమె ఏమనుకుందో అడిగినవాళ్లు లేరు. అందరూ ఒకటే మాట, "వయసులో ఉన్నావు, మళ్లీ పుడతారులే."

ఆరు వారాలకు అత్తగారు వెంటబెట్టుకుని తీసుకొచ్చారు. అత్తగారు మంచి మనిషి. కోడలికి తల దువ్వి, జావ కాచి పట్టే మనిషి. "పిల్ల మాట్లాడటం లేదమ్మా, గాలి సోకిందేమోనని తాయెత్తు కూడా కట్టించాం" అన్నారు. తలనొప్పి, నిద్ర లేదు, రాత్రిళ్లు లేచి ఇంట్లో తిరుగుతుంది. డాక్టరమ్మ పరీక్ష చేసి, బాలింతల కోసం ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నల పట్టిక పెట్టారు. 1987లో తయారుచేసిన పది ప్రశ్నల కాగితం అది. దాన్ని చూసి కౌన్సెలింగ్‌కు పంపించారు.

మొదటి రోజు ఆ గదిలో ఆమె నాలుగు ముక్కల కంటే ఎక్కువ మాట్లాడలేదు. కౌన్సెలర్ అన్నారట, "ఆ రోజు గురించి మీకు చెప్పాలనిపిస్తే వింటాను. చెప్పాలని లేకపోతే ఊరికే కూర్చుందాం." కూర్చున్నారు. బయట అత్తగారు నాతో, "ఏం మాట వినబడటం లేదు, లోపల ఎవరైనా ఉన్నారా?" అన్నారు. ఆ మౌనం కూడా చికిత్సలో భాగమే. ఇంట్లో మనం మౌనం రాగానే టీవీ పెట్టేస్తాం, లేదా అన్నం తినమంటాం. లోపల ఆ మౌనాన్ని ఎవరూ భయపడి నింపరు.

రెండోసారి కౌన్సెలర్ ఒక ప్రశ్న అడిగారు. "పాపా, బాబా?" అంతే. ఆరు వారాల్లో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. ఇంట్లో అందరూ "అది జరిగినప్పుడు" అని మాట్లాడేవారు. పాప అని చెప్పింది. పేరేమైనా అనుకున్నారా అని అడిగితే, అనుకున్న పేరు చెప్పింది. "ఆ పేరు నా నోటితో పైకి అనడం అదే మొదలు సిస్టర్" అని నాతో అన్నది. ఆ రోజు బయటికి వచ్చేసరికి కళ్లు వాచి ఉన్నాయి. అత్తగారు కంగారుపడ్డారు. "లోపలికి వెళ్లేటప్పుడు బాగానే ఉంది, ఇలా ఏడిపించి పంపితే ఎలా?" అన్నారు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. కౌన్సెలింగ్‌కు వెళ్లొచ్చిన రోజు, ఆ మర్నాడు మనిషి ఎక్కువ ఏడవవచ్చు, ఎక్కువ అలసిపోవచ్చు. చీము పట్టిన పుండును కోసి కడిగిన రోజు నొప్పి ఎక్కువే ఉంటుంది కదా. ఆ రోజు మానేస్తే కోసి కట్టు కట్టకుండా వదిలేసినట్టే.

అసలు మాట మూడోసారి బయటపడింది. ముందు రోజు రాత్రి కడుపులో బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించింది. ఇంట్లో చుట్టాలున్నారు, అందరూ పడుకున్నారు, పొద్దున్నే చెబుదాంలే అనుకుంది. పొద్దున స్కానింగులో గుండె చప్పుడు లేదు. ఆ రోజు నుండి ఆమె లోపల ఒకటే మాట తిరుగుతోంది, "నేనే చంపుకున్నాను" అని. భర్తకు చెప్పలేదు, కన్నతల్లికీ చెప్పలేదు.

ఇప్పుడు మీరే ఉంటే ఏమంటారు? "ఛ, నీ తప్పేముందమ్మా" అంటారు. నేనూ అదే అంటాను. కౌన్సెలర్ వెంటనే ఆ మాట అనలేదు. ఎందుకని నేను ఒకసారి కౌన్సెలర్ మేడమ్‌ను అడిగాను, ఎవరి సంగతీ ఎత్తకుండా. "మనం గబుక్కున నీ తప్పు లేదు అంటే, వాళ్లు సరే అని తల ఊపి, ఆ మాటను మళ్లీ లోపలికి తీసుకెళ్లిపోతారు. అది మన తీర్పు అవుతుంది, వాళ్ల తీర్పు అవ్వదు" అన్నారు. ఆ అమ్మాయి చేత ఆ రాత్రి సంగతి గంట గంటా చెప్పించారు. తర్వాత ఒక కాగితం మీద నిలువుగా గీత గీసి, ఒక పక్క "ఆ రాత్రి నాకు తెలిసింది", ఇంకో పక్క "ఇప్పుడు నాకు తెలిసింది" అని రాయించారు. మొదటి పక్క ఆమె రాసుకున్నది ఇది: ముందు నెలలో కూడా ఒక పూట కదలిక తగ్గి మళ్లీ వచ్చింది. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లాలని అలారం పెట్టుకున్నాను. రెండో పక్క ఒకటే ఉంది: బిడ్డ బతకలేదు. ఆ కాగితం తనే పైకి చదువుకుంది. చదివి, "నాకు తెలిసి చేసింది కాదు" అన్నది. ఆ మాట ఎవరూ చెప్పించలేదు.

మనసులో అదే పనిగా తిరిగే మాటను పట్టుకుని, కాగితం మీద పెట్టి, అది ఎంతవరకు నిజమో రోగి చేతనే పరీక్ష చేయించే ఈ పద్ధతిని ఆరన్ బెక్ అనే వైద్యుడు 1960ల నుండి వృద్ధి చేశారు. రోజర్స్ చెప్పినట్టు వినడం, బెక్ చెప్పినట్టు ఆలోచనను పరీక్షించడం, రెండూ ఒకే గదిలో కలుస్తాయి. ముందు వినకుండా నేరుగా రెండోదానికి వెళితే అది పాఠం చెప్పినట్టే ఉంటుంది.

ఇక్కడ నర్సుగా ఒక మాట పక్కన చెప్పాలి. మీ ఇంట్లో గర్భిణులు ఉంటే వినండి. కదలికలు తగ్గినట్టు అనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు, అర్ధరాత్రి అయినా రండి. ఏమీ లేదని తేలి తిరిగి పంపితే ఎవరూ నవ్వరు. ఆగడం వల్లే ప్రతి బిడ్డా పోతుందని కాదు. చాలాసార్లు కారణం చివరిదాకా తెలియదు. కానీ ఇంట్లో చుట్టాలున్నారని నోరు విప్పలేని పరిస్థితి మాత్రం ఉండకూడదు.

తర్వాత రెండు మూడు వారాలు పనులే. రోజూ పొద్దున స్నానం చేసి వాకిట్లో పది నిమిషాలు కూర్చోవడం. వారం తర్వాత వీధి చివరి దాకా నడవడం. బిడ్డ కోసం కుట్టిన బట్టలు, ఉయ్యాల ఇంట్లోవాళ్లు అటక మీద పెట్టేశారు. "వాటిని ఏం చేయాలనుకుంటున్నారు?" అని కౌన్సెలర్ అడిగారు తప్ప, ఇచ్చేయమని గానీ దాచుకోమని గానీ చెప్పలేదు. ఆమె భర్తను అడిగి ఆ పెట్టె దింపించుకుంది. బట్టలు మడత విప్పుతుంటే భర్త ఏడ్చాడు. బిడ్డను మట్టిలో పెట్టి వచ్చింది ఆయనే. అంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు, ఏడవలేదు. మగవాడు గట్టిగా ఉండాలని ఎవరో చెప్పి ఉంటారు. ఆమె ఒప్పుకున్నాకే ఆయనతో కౌన్సెలర్ ఒకసారి మాట్లాడారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పాపను పెట్టిన చోటికి వెళ్లి వచ్చారు.

పూర్తిగా మరిచిపోయిందా అని మీరు అడుగుతారు. మరిచిపోలేదు. ఆ తేదీ వస్తే ఇప్పటికీ ఏడుస్తుంది. కానీ నిద్రపోతుంది, తింటుంది, కుట్టుమిషను మీద బ్లౌజులు కుడుతుంది, అత్తగారితో పోట్లాడుతుంది కూడా. దుఃఖం గురించి 1982లో పుస్తకం రాసిన విలియం వర్డెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, దుఃఖపడటం కూడా ఒక పనే అంటారు. జరిగింది నిజమని ఒప్పుకోవడం, ఆ నొప్పిని అనుభవించడం, ఆ మనిషి లేని ఇంట్లో బతకడం నేర్చుకోవడం, పోయినవాళ్లకు మనసులో ఒక చోటు ఇచ్చి మన బతుకులో ముందుకు నడవడం. మనం మొదటి రెండూ చేయనివ్వకుండా నాలుగోది చేసేయమంటాం.

అందరికీ ఇదే దారి అని అనుకోకండి. కొందరికి గొంతు దాకా కోపం ఉంటుంది, కొందరికి భయం, కొందరికి అప్పులు. అప్పు తీర్చే శక్తి కౌన్సెలర్‌కు లేదు. అప్పు ఉన్నా రాత్రి నిద్రపోయి, పొద్దున బ్యాంకుకు వెళ్లి మాట్లాడే శక్తి మనిషికి తిరిగి వస్తుంది. "మనసు బాగుపడ్డాక పనిలోకి వెళ్తాను" అని రోగి అంటాడు. కుంగుబాటులో ఇది తిరగబడుతుంది, చిన్న పని మొదలుపెడితే మనసు నెమ్మదిగా వెనకాల వస్తుంది. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఈ పద్ధతినే పరీక్షించారు. డిగ్రీలున్న సైకాలజిస్టులు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులే ఆరు నుండి ఎనిమిది సార్లు రోగులతో కూర్చున్నారు. 2016 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, మూడు నెలలకు ఈ కౌన్సెలింగ్ కూడా అందినవాళ్లలో 64 శాతం మంది కుంగుబాటు నుండి తేరుకున్నారు. అది అందనివాళ్లలో 39 శాతం. అంటే వంద శాతం కాదని కూడా గమనించండి. అందుకే కొందరికి మందులు కూడా కావాలి.

మందుల గురించి మీకున్న భయం నాకు తెలుసు. అలవాటు పడిపోతారు, మొద్దుబారిపోతారు అంటారు. కుంగుబాటుకు సాధారణంగా రాసే మందులు మత్తుమందులు కావు, నిద్రమాత్రలు కావు. వేసిన రెండో రోజే గుణం కనిపించదు, 2 నుండి 4 వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపులో తిప్పడం, ఆందోళన ఉండవచ్చు. బాగనిపించగానే మీ అంతట మీరు ఆపేయవద్దు, డాక్టరు గారే నెమ్మదిగా తగ్గిస్తారు. పక్కింటావిడకు రాసిన మాత్ర మీవాళ్లకు వేయవద్దు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన విషయం. మిర్చి, పత్తి పండే ఊళ్ల నుండి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. కోపంలో, నిస్పృహలో పురుగుల మందు తాగినవాళ్లను మా క్యాజువాలిటీలో చూస్తుంటాం. బతికి వార్డుకు వచ్చాక ఇంట్లోవాళ్లు ఏం చెబుతారో తెలుసా? "పొరపాటున తాగాడు, దగ్గు మందనుకున్నాడు." కేసు అవుతుందని భయం. వినండి. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలా చేసిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, సంరక్షణ ఇవ్వాలి. 2024 జూలై 1 నుండి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. ఆసుపత్రి నుండి పోలీసులకు సమాచారం వెళ్లవచ్చు, వచ్చి వాంగ్మూలం తీసుకోవచ్చు. దానికి భయపడి డాక్టరుకు అబద్ధం చెప్పవద్దు. ఏ మందు తాగాడో తెలియకపోతే విరుగుడు ఆలస్యం అవుతుంది. ఎందుకు తాగాడో దాచిపెడితే ఆ చివరి గదికి పంపించడం కుదరదు. కడుపు కడిగి పంపిస్తే విషం పోతుంది, కారణం అలాగే ఇంటికి వస్తుంది.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పెట్టినట్టు అవుతుందని భయపడతారు. అలా అవ్వదు. అడిగితే చాలామందికి బరువు దిగినట్టు ఉంటుంది. నెమ్మదిగా, ఒంటరిగా ఉన్నప్పుడు, తిట్టకుండా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకండి, మా దగ్గరకు తీసుకురండి. మీ ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ ఈ రోజే ఫోన్ చేసి చెప్పి, వేరొకరి ఇంట్లో తాళం వేసి పెట్టించండి. ఆ క్షణంలో అందుబాటులో లేకపోతే ఆ క్షణం దాటిపోతుంది. దాటిపోయిన క్షణాలను పట్టుకునే కౌన్సెలర్ పని చేయగలుగుతారు.

గది బయట ఉన్న మీరు చేయగలిగింది చాలా ఉంది. బయటికి రాగానే "ఏం చెప్పావు, మా గురించి ఏమన్నావు?" అని అడగవద్దు. "ఆకలేస్తోందా, టీ తాగుదామా?" అనండి. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. వచ్చే వారం తారీఖు గుర్తుపెట్టుకుని బస్సు వేళకు తయారు చేయండి. లోపల కూర్చుంటామని పట్టుపట్టవద్దు. భర్త పక్కన ఉంటే భార్య, తండ్రి పక్కన ఉంటే కూతురు చెప్పలేని మాటలు ఉంటాయి. మీ మీద కోపం ఉండి కాదు. ఒక్కోసారి మీకు బాధ కలగకూడదనే దాచుకుంటారు. మూడుసార్లు వచ్చి "గుణం లేదు" అని ఆపేయవద్దు. ఆరేడుసార్లు వచ్చాక కూడా ఏ మార్పూ లేకపోతే ఆ మాట కౌన్సెలర్‌తోనే చెప్పండి, వేరొకరి దగ్గరకు పంపుతారు, తప్పు పట్టరు.

బయట అందరూ మంచివాళ్లే ఉంటారని కూడా నేను అనను. ఒక్క రోజులో నయం చేస్తానని చెప్పేవాళ్లు, రోగిని తిట్టేవాళ్లు, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పేవాళ్లు, ఒంటి మీద చేతులు వేసేవాళ్లు, ఏదో పూజకో ప్రత్యేక కూటానికో డబ్బు కట్టమనేవాళ్లు కౌన్సెలర్లు కారు. అక్కడి నుండి లేచి వచ్చేయండి.

మరి ప్రార్థన చేస్తే చాలదా అని అడుగుతారు. ప్రార్థన మానమని ఎవరూ చెప్పరు. కాలు విరిగితే కట్టు కట్టించుకుని ప్రార్థన చేసుకుంటాం. "నీకు విశ్వాసం తక్కువ, అందుకే ఇలా అయింది" అని మాత్రం కుంగిపోయిన మనిషితో అనకండి. ఆ మాట రోగం కంటే ఎక్కువగా కొరుకుతుంది. అది మా విశ్వాసులు అన్నా తప్పే, కర్మ అని ఇంకొకరు అన్నా తప్పే.

కిందటిసారి ఈ మాటలు చెప్పినప్పుడు వెనక కూర్చున్న ఒక పెద్దావిడ అడిగారు, "మేము రోగులం కాదు కదా, మేము కూడా ఆ గదిలోకి వెళ్లొచ్చా?" అని. ఆవిడ పక్షవాతం వచ్చిన భర్తను పద్నాలుగు నెలలుగా చూసుకుంటున్నారు. వెళ్లవచ్చు. సేవ చేసేవాళ్లకు నిద్ర ఉండదు, కోపం వస్తుంది, కోపం వచ్చినందుకు మళ్లీ తమను తామే తిట్టుకుంటారు. అది కూడా చెప్పుకోదగ్గ బాధే. ఓపీలో చీటీ తీసుకోండి, లేదా వార్డు సిస్టర్‌తో చెప్పండి. ఇంటికి వెళ్లాక అవసరమైతే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ నంబరు అది. రాత్రి పగలు ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బు కట్టక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. కాగితం లేనివాళ్లు చేతి మీద రాసుకోండి, పెన్ను నా దగ్గర ఉంది.